బడి బాటలో మన బండి కూడా ఉంది

జూన్ వస్తే రైతు ఇంట్లో రెండు ఖర్చులు ఒకేసారి మీద పడతాయి. ఒకటి విత్తనాలు, ఎరువులు. రెండోది పిల్లల బడి. నల్లగొండ, యాదాద్రి, రంగారెడ్డి జిల్లాల పల్లెల నుంచి ఎంతోమంది చిన్న రైతులు ఎకరం, రెండెకరాలు ఊళ్లోనే ఉంచుకుని, పిల్లల చదువు కోసం దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, వనస్థలిపురం వైపు గది అద్దెకు తీసుకుంటున్నారు. లేదంటే పిల్లవాణ్ని మేనమామ ఇంట్లోనో, చిన్నమ్మ ఇంట్లోనో ఉంచుతున్నారు. ఏ బడి మంచిదని పదిమందిని అడుగుతాం. ఫీజు దగ్గర బేరమాడతాం. ఇంటికీ బడికీ నడుమ ఎన్ని రోడ్లు దాటాలని మాత్రం ఎవరమూ అడగం.

అక్కడున్నది మామూలు రోడ్డు కాదు. మనం ఇప్పటికీ తొమ్మిదో నంబరు హైవే అని పిలిచే విజయవాడ రహదారి, అంటే ఇప్పటి 65వ నంబరు, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్ కాలనీలను నిలువునా చీల్చుకుంటూ పోతుంది. ఎల్బీనగర్ దగ్గర నాగోలు వైపు రింగు రోడ్డు, సాగర్ వైపు పోయే రోడ్డు దానిలో కలుస్తాయి. ఇల్లు ఒక పక్కన, బడి ఇంకో పక్కన ఉంటే ఆ పిల్లకు రోజూ రెండుసార్లు పరీక్షే.

2007లో ఎల్బీనగర్ మునిసిపాలిటీ హైదరాబాద్ మహానగరంలో కలిసింది. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో రైలు వచ్చింది. ఆ తర్వాత వరసగా ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు వచ్చాయి. మంచిదే, కాదనం. కానీ ఇవన్నీ దూరం పోయే బండ్లను ఆపకుండా పంపడానికి కట్టినవి. పుస్తకాల సంచి మోసుకుని నడిచే ఎనిమిదేళ్ల పిల్లకు గానీ, సైకిలు తొక్కే ఏడో తరగతి పిల్లవాడికి గానీ వాటితో ఒరిగింది తక్కువ. కాలిబాట ఉన్నచోట బండ్లు నిలబెడతారు, దుకాణాల బోర్డులు పెడతారు. పిల్లలు చేసేది లేక రోడ్డు మీదికి దిగుతారు.

ఇక్కడే మన సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ రోడ్డు రైతుకు కొత్తది కాదు. బత్తాయిలు, మామిడికాయలు వేసుకుని ఏళ్ల తరబడి కొత్తపేట గడ్డిఅన్నారం మార్కెట్‌కు పోయినవాళ్లమే. 2021లో ఆ మార్కెట్ మూసి, తర్వాత వ్యాపారాన్ని బాటసింగారం తరలించారు. అయినా సరూర్‌నగర్, వనస్థలిపురం రైతుబజార్లకు కూరగాయల ట్రాలీ ఆటోలు ఈ దారుల్లోనే పోతాయి. తెల్లారగట్ల చేరుకుంటే ఫర్వాలేదు. ఆలస్యమైతే మాత్రం సరిగ్గా బడి వేళకు అక్కడ ఇరుక్కుంటాం. ధర పడిపోతుందన్న తొందరలో గేరు మార్చి తొక్కేస్తాం. మూటలు దించుతూ బండిని తిరుగుడు దగ్గరే అడ్డంగా పెడతాం. ఆ బండి వెనక నుంచి ముందుకొచ్చిన పిల్లవాడు అవతలి డ్రైవరుకు కనబడడు.

వేగం లెక్క చూద్దాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు సుమారు 14 మీటర్లు పోతుంది. అంటే డ్రైవరు కంటికి పిల్ల కనబడి, కాలు బ్రేకు మీదికి చేరేసరికే అంత దూరం దాటిపోతుంది. అదే 30 వేగమైతే 8 మీటర్లకు కాస్త పైన. పిల్లలకు వచ్చే బండి దూరం, వేగం పెద్దలంత బాగా అంచనా కట్టడం రాదు. అందుకే పిల్లలు, పాదచారులు తిరిగే చోట 30కి మించవద్దని 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ సదస్సు ప్రకటించింది. బడుల చుట్టూ ఈ పరిమితి బోర్డు మీద రాసి వదిలేస్తే చాలదు. అమలు కావాలి.

హాలెండు అంటే మనకు పాడి ఆవులు, పూల తోటల దేశం. 1971లో ఆ చిన్న దేశంలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. తల్లిదండ్రులు రోడ్ల మీద కూర్చున్నారు. ప్రభుత్వం మెల్లగా వేరే సైకిలు దారులు వేసింది. ఇవాళ అక్కడి పిల్లలు సైకిలు మీదే బడికి పోతారు. జపాన్‌లో చిన్నపిల్లలు గుంపుగా, పెద్ద తరగతి పిల్ల ముందు నడవగా బడికి చేరుకుంటారు. ఇది పైసా ఖర్చు లేని పని. మన కాలనీల్లో ఎందుకు చేయకూడదు?

సైకిళ్లు పంచడం మనవాళ్లకూ తెలుసు. బీహారు 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిలు డబ్బులిస్తే బడికి వచ్చేవాళ్లు పెరిగారు. అయితే హైవే మీద ఆ సైకిలు ఎక్కడ తొక్కాలి? తొక్కే జాగా లేకుండా సైకిలు ఇవ్వడం, బావి లేని పొలానికి మోటారు ఇచ్చినట్టే.

చట్టం లేదని అనలేం. విద్యాహక్కు చట్టం కింద కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నియమాల్లో ప్రాథమిక బడి ఇంటికి కిలోమీటరు లోపు నడిచిపోయే దూరంలో ఉండాలని ఉంది. దారిలో పిల్లలకు ప్రమాదముంటే ఆ దూరాన్ని ఇంకా తగ్గించాలనీ ఉంది. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, నడిచేవారికి కాలిబాట ఉండటం జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. అంటే మనం అడిగేది దానం కాదు.

మైనరు చేతికి బండి ఇవ్వడం ఇంకో తప్పు. నడిచిపోతే భయమని పదో తరగతి పిల్లవాడికి స్కూటరు తాళం ఇస్తున్నారు. 2019 సవరణ చట్టం ప్రకారం దీనికి తండ్రికి గానీ బండి యజమానికి గానీ 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఊళ్లో ట్రాక్టరు తోలే పోరగాళ్ల తండ్రులు కూడా ఈ మాట వినాలి.

బడి, ఇల్లు హైవేకు ఒకే పక్కన ఉండేట్టు చూసుకుంటే సగం దిగులు తీరుతుంది, అద్దె వంద రెండొందలు ఎక్కువైనా. తప్పక దాటాల్సి వస్తే మెట్రో స్టేషను మెట్లెక్కి అవతలికి దిగడం నేర్పాలి. ప్రభుత్వ బడుల్లో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడ్డాయి. ఆ కమిటీ తల్లులు, ప్రైవేటు బడుల తల్లిదండ్రులు కలిసి, బడి ముందు చారల గీతలు, ఉదయం సాయంత్రం అరగంట ట్రాఫిక్ పోలీసు, కాలిబాట ఖాళీ కావాలని అటు కార్పొరేషన్‌కూ ఇటు ట్రాఫిక్ పోలీసులకూ రాతపూర్వకంగా ఇవ్వాలి. నకలు మీద ముద్ర వేయించుకోవడం మరవొద్దు. ఆ అర్జీ మే నెలలోనే ఇస్తే మేలు, గీతల రంగు వానలకు ముందే ఆరుతుంది.