ఆడలేక మద్దెల ఓడంటే గురి కుదరదు

ఈ మధ్య యశ్వంతనగర్‌లో బస్సు కోసం నిలబడితే ఎన్‌సీసీ డ్రెస్సులో ఉన్న ఇద్దరు కుర్రాళ్ల మాటలు చెవిన పడ్డాయి. క్యాంపు ముగించుకుని ఇంటికి పోతున్నారు. ఒకడు తెలుగులో మొదలుపెడతాడు, ఇంకొకడు కన్నడంలో అందుకుంటాడు. మన సరిహద్దు ఊళ్లలో ఇది మామూలే. "ఆ రైఫిలే బాగలేదప్పా, అన్నీ ఎడమకే పోతాండాయి" అని మొదటివాడు. "నాకిచ్చిన రౌండ్లే పాతవి" అని రెండోవాడు. ఇద్దరి టార్గెట్ కాగితాల మీదా గుండ్లు తలో దిక్కున పడ్డాయట. తప్పు మాత్రం ఇద్దరిలో ఎవరిదీ కాదట!

ఆడలేక మద్దెల ఓడు అన్నారు మనవాళ్లు. కన్నడం వాళ్లు కూడా కుణియలారదవళు నెల డొంకు అందళంతె అంటారు. రెండు భాషల్లోనూ సామెత ఉందంటే ఈ రోగం రెండు వైపులా ఉన్నట్టే.

ఆ పిల్లల్ని తప్పుపట్టడానికి ఈ మాట రాయడం లేదు. ఈ విలేకరి కూడా డిగ్రీ చదివే రోజుల్లో అదే మాట అన్నవాడే. క్యాంపులో పాతిక గజాల దూరం నుంచి పాయింట్ 22 రైఫిల్‌తో ఐదు రౌండ్లు కాల్చమన్నారు. ఐదూ ఐదు ఊళ్లకు పోయాయి. రైఫిల్ మీద నెపం పెడితే ఉస్తాద్ ఏమీ మాట్లాడలేదు. అదే రైఫిల్ తీసుకుని నేల మీద పడుకున్నాడు, నింపాదిగా ఐదు కాల్చాడు. కాగితం తెచ్చి చూస్తే ఐదు రంధ్రాల మీదా ఒక రూపాయి బిళ్ల పెట్టి మూసేయొచ్చు. ఆ రోజు సిగ్గేసింది. రైఫిల్‌లో లోపం ఉందా లేదా అని తేల్చేది కూడా కాల్చేవాడి నిలకడేనని అర్థమైంది.

చిన్న గుండు, పెద్ద లెక్క

ఎన్‌సీసీ పిల్లలకు తొలిసారి చేతికొచ్చే పాయింట్ 22 గుండు రిమ్‌ఫైర్ జాతిది. అంటే మందును రగిల్చే రసాయనం తూటా అడుగున నడిమధ్యలో కాక, అంచు చుట్టూ ఉండే మడతలో ఉంటుంది. పిన్ను ఆ అంచు మీద కొడితే తూటా పేలుతుంది. ఇప్పుడు వాడే లాంగ్ రైఫిల్ తూటా 1887లో వచ్చింది. గుండు వ్యాసం 5.6 మిల్లీమీటర్లు, బరువు దాదాపు రెండున్నర గ్రాములు.

ఒలింపిక్స్‌లో 50 మీటర్ల పోటీ ఈ తూటాతోనే జరుగుతుంది. అక్కడ పది పాయింట్ల వలయం అడ్డంగా కొలిస్తే 10.4 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. ఒక్కో వలయానికీ మధ్య ఎడం 8 మిల్లీమీటర్లు. నల్లచుక్క మొత్తం 112.4 మిల్లీమీటర్లు. రైఫిల్ మీద ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య ముప్పావు మీటరు దూరం ఉందనుకోండి. ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే 50 మీటర్ల దగ్గర గుండు ఆరున్నర సెంటీమీటర్లు తప్పుతుంది. అంటే నల్లచుక్కనే దాటిపోతుంది. వెంట్రుకవాసి తేడా అనే మాట ఇక్కడ అక్షరాలా నిజం.

ముందు గుంపు, తర్వాత గురి

మనవాళ్లు చేసే మొదటి పొరపాటు ఏమిటంటే, ఒక గుండు ఎడమకు పోగానే సైటు కుడికి తిప్పడం. రెండోది పైకి పోతే కిందికి తిప్పడం. పది గుండ్లు అయ్యేసరికి సైటు ఎక్కడుందో, మనిషి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. సరైన పద్ధతి వేరు. సైటు ముట్టుకోకుండా ఐదు గుండ్లు ఒకే చోట గురిపెట్టి కాల్చాలి. అవి కాగితం మీద ఎక్కడో ఒక మూల గుంపుగా పడితే మనిషి బాగానే ఉన్నాడని అర్థం. అప్పుడు సైటు తిప్పి ఆ గుంపును మధ్యకు తెచ్చుకోవచ్చు. చెల్లాచెదురుగా పడితే సైటును వదిలేసి తన ఒంటిని చూసుకోవాలి.

ఒంటిని చూసుకోవడం అంటే ఏమిటి? గురిపెట్టి కళ్లు మూసుకోండి. రెండుసార్లు ఊపిరి పీల్చి వదలండి. కళ్లు తెరిచి చూడండి. సైటు పక్కకు జరిగి ఉంటే మీ శరీరం సహజంగా చూసే దిక్కు అది. చేతులతో రైఫిల్‌ను లాగి చుక్క మీదికి తెచ్చారో, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కండరం మళ్లీ తన దారికే పోతుంది. కుడిచేతి వాళ్లయితే ఎడమ మోచేయి కదల్చకుండా నడుమూ కాళ్లూ జరిపి ఒళ్లంతా చుక్క వైపు తిప్పుకోవాలి. రైఫిల్ బరువు మోయాల్సింది ఎముకా, స్లింగూ. కండరంతో మోస్తే నిమిషంలో వణుకు మొదలవుతుంది.

ఊపిరి సగం వదిలాక వచ్చే చిన్న విరామంలో కాల్చాలి. ఏడెనిమిది సెకన్లు దాటితే కన్ను మసకబారుతుంది, గుండె దడ సైటులో కనిపిస్తుంది. అప్పుడు మొండిగా కాల్చకూడదు. రైఫిల్ దించి మళ్లీ మొదలుపెట్టాలి. దించడం ఓటమి కాదు, అదీ విద్యలో భాగమే. చూపు ముందు సైటు మీద స్పష్టంగా ఉండాలి, దూరంగా ఉన్న చుక్క కొంచెం మసకగా కనిపించినా పర్వాలేదు. ట్రిగ్గర్‌ను వేలి మెత్తతో నిటారుగా వెనక్కి, నెమ్మదిగా నొక్కుతూ పోవాలి. ఇప్పుడు పేలుతుందని ముందే ఉలిక్కిపడే అలవాటు చాలామందికి ఉంటుంది. గుంపును చెదరగొట్టేది ఎక్కువగా అదే.

పేలిన తర్వాత కూడా పని అయిపోదు. ట్రిగ్గర్ నొక్కాక పిన్ను కొట్టాలి, మందు రగలాలి, గుండు గొట్టం దాటాలి. గొట్టంలోనే సెకనులో వెయ్యో వంతులు రెండు మూడు పడతాయి. తక్కువే అనిపిస్తుంది కానీ తల ఎత్తి ఎక్కడ తగిలిందా అని చూసే ఆత్రం గొట్టాన్ని ఆ లోపే కదిలిస్తుంది. అందుకే పేలాక రెండు సెకన్లు అలాగే ఉండిపోవాలి. సైటు ఎక్కడ ఆగిందో చూసి, గుండు ఎక్కడ పడి ఉంటుందో కాగితం చూడకముందే చెప్పగలగాలి. అలా చెప్పగలిగినవాడు సగం షూటర్ అయినట్టే.

తూటా, గాలి, స్క్రూ

ఇంత చేశాక కూడా గుంపు కుదరకపోతే అప్పుడు సామాను వైపు చూడొచ్చు. మొదట చూడాల్సింది స్క్రూలు. గొట్టాన్ని కట్టెకు బిగించే స్క్రూలు, సైటు స్క్రూలు వదులైతే ఎంతటి మొనగాడికైనా గురి రాదు. తర్వాత తూటాలు. రిమ్‌ఫైర్‌లో రసాయనం అంచంతా సమానంగా పరుచుకోవాలి. కొంచెం అటూ ఇటూ అయినా గుండు వేగం మారుతుంది. సెకనుకు 330 మీటర్ల వేగంతో పోయే గుండు 50 మీటర్లు చేరేలోపు పన్నెండు సెంటీమీటర్ల దాకా కిందికి దిగుతుంది. వేగం పది మీటర్లు తగ్గితే ఇంకో ఏడు మిల్లీమీటర్లు దిగుతుంది, అంటే దాదాపు ఒక వలయం పోయినట్టే. అందుకే పెద్ద షూటర్లు ఎలీ, లాపువా వంటి కంపెనీల తూటాలను ఒక్కో బ్యాచ్ చొప్పున కాల్చిచూసి, తమ గొట్టానికి నచ్చిన బ్యాచే కొనుక్కుంటారు. ఖరీదైనదే మంచిదని లేదు. ఏ గొట్టానికి ఏది కుదురుతుందో కాల్చి చూస్తే తప్ప తెలియదు.

గాలి మాట మన సండూరు కొండల దగ్గర చెప్పక్కర్లేదు. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి ఈ గుండును 50 మీటర్ల దూరంలో రెండు సెంటీమీటర్లకు పైగా నెట్టేస్తుంది. అందుకే రేంజిలో చిన్న జెండాలు కడతారు. గాలి ఒకేలా ఉన్నప్పుడే కాల్చి, మారినప్పుడు ఆగడం తెలివి. గొట్టం శుభ్రం చేస్తే మొదటి కొన్ని గుండ్లు కుదురుగా పడవు. మైనం పూత మళ్లీ పట్టాకే గుంపు కుదురుతుంది. ఆ మొదటివాటిని చూసి కంగారుపడొద్దు.

తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కి చేసే అభ్యాసం అన్నిటికన్నా చౌక, అన్నిటికన్నా లాభం. అయితే రిమ్‌ఫైర్ రైఫిల్‌ను ఖాళీగా పేలిస్తే కొన్నింటిలో పిన్ను గొట్టం అంచుకు తగిలి రెండూ చెడిపోతాయి. డమ్మీ తూటా పెట్టి, అదీ ఉస్తాద్ ముందే, గదిలో అసలు తూటా ఒక్కటీ లేకుండా చూసుకుని చేయాలి.

మనవాళ్లు చేయలేనిదేం కాదు

2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల మూడు పొజిషన్ల పోటీలో స్వప్నిల్ కుశాలే కాంస్యం గెలిచారు. ఆ పోటీలో మన దేశానికి అదే తొలి పతకం. ఆయనది మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లాలోని కంబల్‌వాడి అనే పల్లె, అప్పట్లో ఉద్యోగం రైల్వేలో టికెట్లు చూడడం. ఫైనల్లో మొదట వెనకబడ్డారు. అన్నిటికన్నా కష్టమైన, నిలబడి కాల్చే పొజిషన్‌లో నెమ్మదిగా పైకొచ్చి 451.4 పాయింట్లతో మూడో స్థానంలో నిలిచారు. వెనకబడ్డప్పుడు రైఫిల్‌ను తిట్టుకుంటూ కూర్చుని ఉంటే ఆ పతకం వచ్చేదా?

హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చారు. హైదరాబాద్ అమ్మాయి ఇషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచింది. ఆమె 25 మీటర్ల పిస్టల్‌లో వాడేదీ ఈ పాయింట్ 22 తూటానే. అదే నగరం వాడైన ధనుష్ శ్రీకాంత్ బధిరుల ఒలింపిక్స్‌లో 2022లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం సాధించాడు. చెవులు వినిపించని పిల్లవాడు తన ఊపిరినీ తన వేలినీ నమ్ముకుని ప్రపంచాన్ని గెలిస్తే, అన్నీ ఉన్న మనం రౌండ్లు పాతవి అని సాకులు చెప్పడం న్యాయమా?

మన సండూరు తాలూకాలోనే తోరణగల్లు దగ్గర విజయనగర్‌లో 2018లో పెద్ద క్రీడా శిక్షణ సంస్థ వచ్చింది. బాక్సింగ్, కుస్తీ, జూడో, అథ్లెటిక్స్ పిల్లలు దేశం నలుమూలల నుంచి అక్కడికి వస్తున్నారు. దేశం మన గడపలోకి వస్తోంటే, గురి నేర్చుకోవాలనుకునే మన పిల్లలు మాత్రం రాత్రంతా ప్రయాణం చేసి బెంగళూరుకో హైదరాబాద్‌కో పోవాలా? రిమ్‌ఫైర్ రేంజికి స్థలం, మట్టికట్ట, లైసెన్సులు కావాలి. నిజమే. కానీ ఎయిర్ రైఫిల్‌కు కావాల్సింది పది మీటర్ల దూరం వచ్చే గట్టి గోడల హాలు, ఒక మంచి కోచ్. నిలకడ, ఊపిరి, ట్రిగ్గర్ అక్కడే నేర్చుకోవచ్చు. జిల్లా యంత్రాంగం, గనుల కంపెనీలు తలుచుకుంటే ఇది పెద్ద ఖర్చు కాదు. కాలేజీలు కూడా ఒక పని చేయొచ్చు. ప్రతి క్యాడెట్‌కు ఒక నోటుబుక్కు ఇచ్చి, కాల్చిన ప్రతి గుంపూ, ఆ రోజు గాలీ, చేసిన తప్పూ రాయించాలి. ఏడాదికి దొరికే రౌండ్లు కొన్నే అయినప్పుడు ఒక్కోదాని నుంచీ పాఠం పిండుకోవాలి కదా.

పెద్దలకూ ఒక మాట. చిన్న తుపాకీ కదా అని ఎవరూ అలుసుగా తీసుకోవద్దు. ఈ గుండు కిలోమీటరు దాటి ఇంకా చాలా దూరం పోగలదు, రాతికి తగిలి వెనక్కీ తిరగగలదు. దాన్ని ఉంచుకోవాలంటే ఆయుధ చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. కొండల్లో కుందేళ్ల మీదా పక్షుల మీదా గురి చూసుకుంటామంటే అది ఆట కాదు, 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. సండూరు రాజవంశంలో పుట్టి మంత్రిగా పనిచేసిన ఎం.వై. ఘోర్పడే అడవి జంతువుల మీద కెమెరా గురిపెట్టి పేరు తెచ్చుకున్నారు. ఈ నేల మీద గురికి అలాంటి మర్యాద కూడా ఉంది. సీసం గుండ్లు ముట్టుకున్నాక చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టొద్దని కూడా పిల్లలకు చెప్పాలి.

గురి అనే మాట తెలుగులోనూ ఉంది, కన్నడంలోనూ ఉంది. తెలుగులో దానికి ఇంకో అర్థం కూడా ఉంది, నమ్మకం. ఫలానా గురువు మీద నాకు గురి అంటాం. బస్సు దగ్గర కనిపించిన ఆ ఇద్దరు కుర్రాళ్లకూ వచ్చే క్యాంపులో మళ్లీ రౌండ్లు దొరుకుతాయి. ఈసారి రైఫిల్‌ను తిట్టకముందు ఒకసారి కళ్లు మూసుకుని, ఊపిరి వదిలి, మళ్లీ తెరిచి చూడండి నాయనా. సైటు ఎటు పోయిందో అది చెబుతుంది. వాళ్లకు ఏడాది పొడవునా సాధన చేసుకునే చోటు చూపించాల్సిన బాధ్యత మాత్రం పెద్దలమైన మనది. అక్కడ మన గురి తప్పితే, నెపం వేయడానికి మనకు తుపాకీ కూడా ఉండదు.