ఒకే కొలత, వేర్వేరు ముక్కలు



బడి పిల్లలందరి చేతా కలిపి ఒక బొంత కుట్టిద్దామని మేము అన్నప్పుడు కొందరు తల్లిదండ్రులు రెండు ప్రశ్నలు అడిగారు. మగపిల్లలకు సూదీ దారం ఎందుకు? ఎవరి ఇంటి పాత బట్టో మా పిల్లవాడి ముక్క పక్కన పెట్టి కుట్టడమేమిటి?

మొదటిదానికి జవాబు సులువు. అపొస్తలుడైన పౌలు డేరాలు కుట్టి బ్రతికినవాడు (అపొ. కార్యములు 18:3). రెండో ప్రశ్న దగ్గరే మనం కాస్త ఆగాలి.

ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలను నాలుగైదు పొరలుగా పరచి, వరుసగా కుట్లు వేస్తే బొంత అవుతుందని మనకు తెలుసు. పిల్లలు కుట్టేదానికి పై పొర ముక్కలతో వస్తుంది. 40 మంది ఉంటే ఒక్కొక్కరు ఇంటి నుంచి తెచ్చిన పాత బట్టలో 10 అంగుళాల చదరం కోస్తారు. నాలుగు వైపులా అర అంగుళం కుట్టులోకి పోతే 9 అంగుళాలు మిగులుతుంది. వరుసకు 5 చొప్పున 8 వరుసలు కలిపితే ఆరడుగుల పొడవు వస్తుంది. ఒక మనిషి కప్పుకోవడానికి చాలు.

అసలు పాఠం ఆ కొలతలోనే ఉంది. ఒక్క ముక్క పొట్టిదైతే వరుసంతా గుంజుకుపోతుంది, పక్క పిల్లవాడి ముక్క ఎంత చక్కనిదైనా ముడత పడుతుంది. అందుకే అందరికీ ఒకే అట్టముక్క పెట్టి గీయించాలి. కొలత అందరిదీ ఒకటే. రంగు, పువ్వు మాత్రం ఎవరింటివి వారివి.

నిర్గమకాండము 36వ అధ్యాయం చూడండి. మందిరపు పది తెరలకూ ఒకటే కొలత: 28 మూరల పొడవు, 4 మూరల వెడల్పు. వాటిని అయిదేసిగా కలిపి, ఆ రెండు భాగాలను 50 బంగారు గుండీలతో జత చేశాకనే మందిరం ఒక్కటైంది. తెర ఎంత మంచిదైనా విడిగా ఉంటే అది మందిరం కాదు.

కాబట్టి తల్లిదండ్రులారా, పక్క ముక్క ఎవరిదని పిల్లవాడు అడిగితే ఆ బిడ్డ పేరు చెప్పండి. వాడ పేరు, కులం పేరు చెప్పకండి. ఆదివారం ఒకే చాప మీద కూర్చునే మనం, బట్ట ముక్కల దగ్గర గోడ కడితే పిల్లలు మన ప్రసంగాన్ని నమ్మరు, ఆ గోడనే నమ్ముతారు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. వంకర కుట్లను రాత్రి కూర్చుని విప్పి మళ్లీ కుట్టకండి. గట్టిగా ఉంటే చాలు, వంకర ఉండనివ్వండి. ఏ ముక్క బాగుందని మొదటి బహుమతి ఇవ్వకండి. బొంత మొత్తం బాగుందా అని మాత్రమే అడగండి.

పూర్తయ్యాక దానిని గోడకు తగిలించవద్దు. యొప్పేలో దొర్కా కుట్టిన అంగీలను విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించారు (అపొ. కార్యములు 9:39). ఆమె ఎవరో ఆ అంగీలే చెప్పాయి. మన పిల్లల బొంత కూడా చలి రాకముందే ఊరిలో ఒంటరిగా ఉన్న ఒక పెద్దమ్మ మంచం మీదికి చేరాలి. ఆమె ఏ వాడలో ఉన్నా సరే, పిల్లలే మోసుకెళ్లి కప్పాలి.

మనలను ఒక్కటిగా కుట్టిన ప్రభువు ఈ చిన్న చేతులను దీవించును గాక. ఆమేన్.