కట్టెలు అమ్ముదాం, తోట తిండి అమ్మొద్దు

పై వీడియోలో మా కట్టెల అడితి, దుంగలు చీల్చే మిషన్, ఎండబెట్టిన వరసలు చూశారు కదా. మాట్లాడుతూ మాట్లాడుతూ అసలు విషయం చెప్పడం మర్చిపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అడితి పెట్టిన రోజునే మా బాబాయి అడిగాడు: "ఏరా, ప్రకృతి వ్యవసాయం అంటూ తిరుగుతావు, చెట్లు కొట్టించి కట్టెలమ్మడమేంట్రా?" అప్పుడు సరైన సమాధానం లేదు నా దగ్గర. ఇప్పుడు ఉంది, కానీ అది రావడానికి రెండు తప్పులు చేయాల్సి వచ్చింది.

మొదటి తప్పు తోటలో చేశాను. కొబ్బరి చెట్టు సుమారు నెలకో మట్ట రాలుస్తుంది. ఎకరానికి 60 చెట్లు అనుకుంటే ఏడాదికి 700 పైచిలుకు మట్టలు. డొక్కలు వేరే. "ఊరికే పడున్న సరుకు" అనుకుని మా తోటవీ, చుట్టుపక్కల వాళ్ళవీ మోపులు కట్టించి ట్రాలీ ఆటోలో టిఫిన్ హోటళ్ళకి తోలాను. చేతిలో డబ్బు కనిపించింది. రెండో వేసవికి మా తోటలో నేల గట్టిపడిపోయింది. తడి పెట్టిన మూడో రోజుకే పాదులు ఎండిపోతున్నాయి. నెలనెలా జీవామృతం పోస్తూనే ఉన్నాను. కానీ పైన ఆచ్ఛాదన లేకపోతే సూక్ష్మజీవులు ఏం తిని బతుకుతాయి? ఒక చేత్తో పోసి, రెండో చేత్తో వాటి కంచంలో కూడు తీసి అమ్ముకున్నాను.

కొబ్బరి డొక్కలో పొటాష్ ఎక్కువ, పైగా స్పాంజిలా నీళ్ళు పట్టుకుంటుంది. పాదు చుట్టూ గాడి తీసి, లోపలి వైపు పైకి వచ్చేలా డొక్కలు పేర్చి మట్టి కప్పితే వేసవిలో చెట్టుకి అదే చెరువు. అలాంటి దాన్ని కిలోల లెక్కన అమ్మేయడం కన్నా తెలివితక్కువ పని ఇంకోటి లేదండీ.

ఇప్పుడు మా పద్ధతి ఇది. ఆకు, డొక్క తోటకి. మట్ట మొదలు, చిప్పలు పొయ్యికి. గట్టు మీది గ్లిరిసిడియాలో ఆకు నేలకి, పుల్ల పొయ్యికి. సముద్రం వైపు సఖినేటిపల్లి, అల్లవరం, కాట్రేనికోన ఇసుక నేలల్లో సరుగుడు తోటలున్నాయి. సరుగుడు వేర్లు గాల్లోంచి నత్రజని పట్టుకుంటాయి, రాలిన పొట్టు నేలని కప్పుతుంది. ఆ పొట్టు ఊడ్చి అమ్మకుండా కర్ర ఒక్కటే తెచ్చుకుంటే ఆ నేలకి పెద్దగా అన్యాయం జరగదు.

దీన్ని గుడ్డిగా పట్టుకోమని చెప్పను. ఆత్రేయపురంలో పూతరేకులు వేసే వాళ్ళకి బోర్లించిన కుండ కింద చప్పున లేచి చప్పున తగ్గే మంట కావాలి. దుంగ పెడితే రేకు మాడిపోతుంది. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆ వంటకి ఎండు కొబ్బరాకే సరైన సరుకు. అలాంటి చోటికి ఇవ్వాల్సిందే. తోట కడుపు నిండాక మిగిలింది ఇవ్వాలి.

రెండో తప్పు చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఒక ఆషాఢంలో ముసురు పట్టి ఉండగా రాజోలు వైపు ఒక ఊరి నుంచి ఫోనొచ్చింది, శ్మశానానికి కట్టెలు కావాలని. నా దగ్గర ఎండు సరుకు అయిపోయింది. గాలికి పడ్డ మామిడి దుంగలు, లోపల పచ్చిగానే ఉన్నాయి, అవే తోలేశాను. చితి అంటుకోలేదు. కిరసనాయిలు పోశారు, పాత టైర్లు తెచ్చారు. చీకటి పడేదాకా ఆ కుటుంబం వానలో నిలబడింది. వాళ్ళ పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. తిట్టి ఉంటే బావుండేది.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. టన్ను పచ్చి కర్రలో 45 శాతం నీరుందనుకోండి. అంటే అసలు కర్ర 550 కిలోలే. దాన్ని 20 శాతం తేమకి ఎండబెడితే సుమారు 690 కిలోలవుతుంది. మిగతా 310 కిలోలు గాలికి పోయిన నీళ్ళు. టన్ను 4 వేలకి కొంటే ఎండిన కిలో మనకే దాదాపు 5 రూపాయల 80 పైసలు పడుతుంది. చీల్పు, ఆటో, కూలీ ఇంకా కలపలేదు. అందుకే చాలామంది పచ్చిదే కాటా వేసి అమ్మేస్తారు. నేనూ అదే చేశాను.

కొన్నవాడికి ఏమవుతుంది? కిలో నీరు ఆవిరి కావడానికి 600 కిలో కేలరీలకి పైనే వేడి కావాలి. అదంతా వంటకి అందాల్సిన వేడి. సరుగుడుతో ఇంకో చిక్కుంది. అది పచ్చిదైనా అంటుకుంటుంది కాబట్టి మోసం వెంటనే బయటపడదు. ఒక వంట మేస్త్రి మాత్రం పసిగట్టి ఫోన్ చేశాడు: "ఏవండోయ్, పుల్లలు పంపారా, పొగ పంపారా అండీ?" ఆ పొగ మింగేది పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ళు.

మన కోనసీమ గాలిలో తేమ ఎక్కువ. ఎండబెట్టడానికి మంచి కాలం మాఘం నుంచి వైశాఖం దాకా. ముందు చీల్చాలి, తర్వాతే ఎండబెట్టాలి. కింద అడ్డ దుంగలు వేసి నేలకి తగలకుండా పేర్చండి. పైన మాత్రం కప్పి, పక్కలు గాలికి వదిలేయండి. ఒక ముక్కకి గుర్తు పెట్టి వారం వారం తూకం వేయండి, బరువు తగ్గడం ఆగితే ఎండినట్టు. రెండు ముక్కలు కొడితే కంగుమని మోగాలి. వానాకాలం సరుకు వేసవిలోనే సిద్ధం కావాలి. అది అయిపోతే "లేదండీ" అని చెప్పేయాలి. ఆ మాట అనడం నాకు నేర్పింది ఆ పెద్దాయనే.

చెట్టు కొట్టే ముందు 2002 నాటి వాల్టా చట్టం ఉందని గుర్తుంచుకోండి. కొన్ని జాతులకి మినహాయింపు ఉంది, కొన్నిటికి అనుమతి కావాలి. మీ చెట్టు ఏ లెక్కలోకి వస్తుందో అటవీ శాఖ ఆఫీసులో అడిగాకే గొడ్డలి ఎత్తండి. బూడిదని కొబ్బరి పాదుల్లో పలచగా చల్లుకోవచ్చు. గోమూత్రంలో, జీవామృతంలో మాత్రం కలపొద్దు, నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది. చవుడు నేలకి అసలే వద్దు.

ఇలా చేస్తే లాభం తగ్గుతుందా అంటే, తగ్గింది. మట్టల మోపుల ఆదాయం పోయింది, ఎండు సరుకు రేటు చూసి కొందరు వెళ్ళిపోయారు. ఆ వంట మేస్త్రి మాత్రం వెళ్ళలేదు, ఇప్పుడు పెళ్ళిళ్ళ సీజన్‌కి ముందే చెప్పి పెట్టుకుంటున్నాడు. మా తోటలో డొక్కల గాడి తవ్వితే మళ్ళీ వానపాములు కనిపిస్తున్నాయి.

మొన్న బాబాయి వచ్చి ఆ గాడి దగ్గర కాసేపు నిలబడ్డాడు. వెళ్తూ వెళ్తూ, "మా ఇంటికి నాలుగు మోపులు పంపు, ఎండువే సుమా" అన్నాడు. మీరూ కట్టెల వ్యాపారం మొదలుపెట్టాలనుకుంటే, ముందు మీ తోటలో నేల కప్పుకుని ఉందో లేదో చూసుకుని రండి.