పేష్గీ కూడా సూదే, సాబ్

పోయిన జుమ్మా నమాజ్ అయ్యాక మదనపల్లెలో చాయ్ దుకాణం దగ్గర ఒక పెద్దమనిషి కలిశారు. ఒకప్పుడు పట్టు రీలింగ్ యూనిట్ నడిపినాయన. "ఆటోమేటిక్ మిషన్లొచ్చి మన గరీబు మజ్దూర్ల రోజీ కొట్టేశాయి. చైనా పట్టు మనల్ని ముంచింది" అని బాధపడ్డారు. చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు. నేను ఊపలేదు. నలుగురిలో ఆయన బేఇజ్జతీ కాకూడదని అక్కడ నోరు మూసుకున్నాను, ఇక్కడ చెప్తున్నా.

చైనా మాటలో సగం నిజముంది. 2011 బడ్జెట్‌లో ముడి పట్టు దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి ఒక్కసారిగా 5 శాతానికి దించారు. 2013లో మళ్లీ 15కి పెంచారు. మధ్యలో దెబ్బ తిన్నవాళ్లు తిన్నారు. ఢిల్లీలో కూర్చుని సంతకం పెట్టినవాళ్లకు పట్టుగూడు ఎలా ఉంటుందో కూడా తెలిసుండదు.

మిగతా సగం మాత్రం మన ఇంట్లోనే ఉంది. మగ్గాలవాళ్లు చైనా దారం ఎందుకు కొన్నారు? అది ఒకే సన్నన వస్తుంది, తెగదు. చరఖా దారం ఒకచోట లావు, ఒకచోట సన్నం. పవర్‌లూమ్ మీద దారం తెగిన ప్రతిసారీ మగ్గం ఆగుతుంది. టిప్పు సుల్తాన్ బెంగాల్ నుంచి పట్టుపురుగులు తెప్పించి మైసూరులో మొదలుపెట్టిన హునర్ ఇది అని ఫఖ్ర్‌గా చెప్పుకుంటాం. మరి రెండు వందల ఏళ్లు దాటాక కూడా చరఖా దగ్గరే ఎందుకు ఉండిపోయాం? మనిషి దాదాపు ముఫ్త్‌గా దొరుకుతుంటే మిషన్ ఎవడు కొంటాడు సాబ్?

పుంగనూరులో మా ఖాలా ఉంది. చిన్నప్పటి నుంచి ఉడికే నీళ్ల తొట్టి ముందు కూర్చుని గూళ్ల కొసలు పట్టింది. వేళ్ల చర్మం తెల్లగా నాని ఊడిపోయేది. అన్నం కలుపుకుంటే మంట. చచ్చిన పురుగుల వాసన చీరలోంచి పోయేది కాదు, దగ్గు ఇప్పటికీ పోలేదు. ఖాలూ పెద్దకూతురి నికాహ్‌కు పేష్గీ తీసుకున్నాడు. తర్వాత ఆస్పత్రికి ఇంకొంత. ఆ బాకీ ఎన్నేళ్లకూ తరగలేదు. వేరే యూనిట్‌కు పోవాలంటే కొత్త మాలిక్ పాత మాలిక్‌కు ఆ డబ్బు కట్టాలి. అంటే ఖాలా చేతులు మారాలి, సామాను మారినట్టు.

ఆ మాలిక్ ఐదు పూటలా నమాజీ. "నేను ఒక్క రూపాయి సూద్ తీసుకోను, అల్హమ్దులిల్లా" అనేవాడు. అవును, తీసుకోలేదు. పక్క యూనిట్ ఇచ్చే కూలీ కంటే తక్కువ ఇచ్చాడు, అంతే! కర్జ్ ఇచ్చినవాడు దాని మీద ఏ నఫా తిన్నా రిబానే అని ఉలమా చెప్పే ఉసూల్ మదర్సా పిల్లాడికి కూడా తెలుసు. బ్యాంకు వడ్డీ మీద గంట ఖుత్బా వింటాం. ఈ పేష్గీ పుస్తకం మీద ఒక్క ఖుత్బా విన్నారా? అడ్వాన్సు ఇచ్చి మనిషిని వేరే చోటికి కదలనివ్వకపోవడం 1976 చట్టం కింద వెట్టిచాకిరీ. ఖానూన్‌లోనూ హరామే, షరియత్‌లోనూ హరామే.

జపాన్ 1872లో టొమియోకాలో సర్కారీ పట్టు మిల్లు పెట్టింది. ఫ్రాన్స్ మిషన్లు తెచ్చి, ఆడపిల్లలకు పని నేర్పి, వాళ్లనే ఊళ్లకు ఉస్తాదులుగా పంపింది. ఆ పట్టు అమ్మిన డబ్బు దేశం తరఖ్ఖీకి పెట్టుబడి అయింది. కానీ తర్వాత ప్రైవేటు మిల్లుల్లో ఏం జరిగింది? తండ్రుల చేతిలో అడ్వాన్సు పెట్టి కూతుళ్లను కట్టేసుకున్నారు. మిషన్ వచ్చినా పేష్గీ పోలేదు. అందుకే మిషనే అన్నీ సరిచేస్తుందనే వాళ్లతోనూ నాకు జగడమే.

ఇప్పుడు 400 ఎండ్ల ఆటోమేటిక్ యంత్రానికి సర్కారు సబ్సిడీ ఇస్తోంది. యంత్రం ఖరీదు కోటి పైమాట. సబ్సిడీ పోగా మిగిలింది కట్టగలిగేది షెడ్డు, బ్యాంకు పరపతి ఉన్న మాలికే. యాభై ఏళ్లు కొస పట్టిన వేళ్లకు ఏ కాగితంలోనూ హిస్సా లేదు. మేహనత్ ఒకరిది, పైసా ఒకరిది, నఫా ఇద్దరిదీ అని ముదారబా మనకే నేర్పారు కదా! జమాత్‌లో పైసా ఉంది. ఫంక్షన్ హాల్ కట్టడానికి చందాలు రాలతాయి. పది మంది రీలర్ ఆడవాళ్లకు ఒక యంత్రంలో వాటా అంటే మాత్రం "బడ్జెట్ లేదు భాయ్".

పెద్దమనిషికి ఇంకో షికాయత్ కూడా ఉంది, పనివాళ్లు దొరకడం లేదట. కుప్పం స్టేషన్‌కు తెల్లవారుజామున వెళ్లి చూడండి. బెంగళూరు రైలెక్కే పిల్లల్లో మా ఖాలా మనవడు కూడా ఉన్నాడు. సెంట్రింగ్ పని, నడుం విరిగే పని. సుస్తీ అంటారా వాణ్ణి? వాడికి సాయంత్రం కూలీ చేతికొస్తుంది, రేపు రానంటే అడిగేవాడు లేడు.

వచ్చే జుమ్మాకు ఆయన అదే చాయ్ దుకాణం దగ్గర ఉంటారు. పాత పేష్గీ పుస్తకం తెమ్మనండి. ఇచ్చిందెంత, కూలీలో కోసుకున్నదెంత, పక్కన కూర్చుని లెక్క నేను రాస్తాను.