ఆఫ్రికా ప్రయాణం: వెళ్లేటప్పుడు అడగని టీకా పత్రం, తిరిగొచ్చేటప్పుడు తప్పనిసరి

న్యూఢిల్లీ: కెన్యా ప్రభుత్వం 2024 జనవరిలో విదేశీ సందర్శకులకు వీసా పద్ధతిని రద్దు చేసి, దాని స్థానంలో ముందస్తు ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతిని ప్రవేశపెట్టింది. ఇంట్లో కూర్చుని దరఖాస్తు నింపి, రుసుము చెల్లించి, అనుమతి అందగానే విమానమెక్కవచ్చు. మసాయి మారా అభయారణ్యం చూడబోయే పర్యాటకుడికీ, నైరోబీలో మందుల వ్యాపారం చేయదలచిన హైదరాబాదు వ్యాపారికీ ఇది సౌలభ్యమే. అయితే ఈ సౌలభ్యం మాటున ఒక చిక్కు దాగి ఉంది. భారతదేశం నుంచి నేరుగా వచ్చే ప్రయాణికులను ఎల్లో ఫీవర్ టీకా పత్రం చూపమని కెన్యా అడగదు. ఆ పత్రం లేకుండా కెన్యా నుంచి తిరిగొచ్చే వారిని మాత్రం భారత ప్రభుత్వం విమానాశ్రయంలోనే నిలిపివేస్తుంది. 6 రోజుల వరకు విడిగా ఉంచే అధికారం విమానాశ్రయ ఆరోగ్య అధికారికి ఉంది. భారతీయ పాస్‌పోర్టు ఉన్నంత మాత్రాన మినహాయింపు లభించదు.

వెళ్లే దేశం అడగని పత్రాన్ని సొంత దేశం అడగడం వింతగా తోచవచ్చు. కానీ ఈ నిబంధన ప్రయాణికుడి క్షేమం కోసం ఏర్పడినది కాదు. దేశంలోకి వ్యాధిని రానివ్వకుండా చూడడమే దీని ధ్యేయం. ఈ తేడా తెలియకపోవడం వల్లనే ఏటా అనేకులు ఆఖరి నిమిషంలో అవస్థల పాలవుతున్నారు.

ఇక్కడ పేరు గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఎల్లో ఫీవర్‌ను పచ్చజ్వరమని అనువదించడం తేలికే కానీ, అలా రాస్తే పాఠకులు పచ్చకామెర్లుగా పొరబడే ప్రమాదముంది. కామెర్లకు కారణాలు అనేకం. ఎల్లో ఫీవర్ మాత్రం ఒక ప్రత్యేకమైన వైరస్ వల్ల, దోమకాటు ద్వారా వచ్చే జ్వరం. ఎక్కువ మందికి నాలుగైదు రోజుల్లో తగ్గిపోతుంది. కొద్దిమందిలో మాత్రం ఒకరోజు శాంతించినట్లే ఉండి మళ్లీ విజృంభిస్తుంది. కాలేయం, మూత్రపిండాలు దెబ్బతిని, కళ్లు పచ్చబడి, రక్తస్రావం మొదలవుతుంది. ఆ దశకు చేరిన వారిలో దాదాపు సగం మంది 7 నుంచి 10 రోజుల్లో మరణిస్తారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ వైరస్‌ను చంపే మందు లేదు. ఉన్నదల్లా టీకాయే.

ఈ వ్యాధి ఆఫ్రికాలోనూ, దక్షిణ అమెరికాలోనూ ఉన్నది. ఆసియాలో స్థానికంగా వ్యాపించిన దాఖలా లేదు. అయినా భారతదేశం ఇంతగా జాగ్రత్తపడడానికి కారణం దోమ. ఎల్లో ఫీవర్‌ను మోసే ఈడిస్ ఈజిప్టై దోమే మన దేశంలో డెంగీని వ్యాపింపజేస్తున్నది. కూలర్లలో, పాత టైర్లలో, మూతలేని డ్రమ్ముల్లో నిలిచిన మంచినీటిలో అది గుడ్లు పెడుతుంది. వానలు మొదలయ్యాక హైదరాబాదులోనూ, విశాఖపట్నంలోనూ డెంగీ వార్తలు రాని సంవత్సరం లేదు. అంటే వాహకం ఇక్కడ సిద్ధంగా ఉంది. టీకా లేని కోట్లాది జనం ఉన్నారు. లేనిదల్లా వైరస్ ఒక్కటే.

ఆసియాకు అది ఎందుకు రాలేదన్న ప్రశ్నకు శాస్త్రజ్ఞుల వద్ద తిరుగులేని సమాధానం లేదు. డెంగీ సోకినవారికి కొంత అడ్డుగోడ ఏర్పడి ఉండవచ్చునని కొందరు, ఇక్కడి దోమలకు ఆ వైరస్‌ను మోసే సామర్థ్యం తక్కువై ఉండవచ్చునని మరికొందరు భావిస్తున్నారు. పాత రోజుల్లో ఓడ ప్రయాణం సుదీర్ఘం కావడం మూలాన రోగి రేవు చేరేలోగా వ్యాధి ముగిసిపోయేదన్న వాదన కూడా ఉంది. ఇవేవీ ప్రభుత్వం భరోసా పెట్టుకోదగినవి కావు. నిజానికి ఈ భయం నిన్నటిది కాదు. పనామా కాలువ తెరచుకుంటే అమెరికా ఖండపు రేవుల నుంచి ఓడలు సూటిగా ఆసియాకు వస్తాయనీ, వాటితో పాటు ఎల్లో ఫీవర్ కూడా రావచ్చుననీ ఇండియన్ మెడికల్ సర్వీసుకు చెందిన మేజర్ ఎస్.పి. జేమ్స్ 1913లోనే హెచ్చరించారు. కాలువ 1914లో తెరచుకుంది. ఆ తర్వాత విమానాలు వచ్చాయి. ఓడకు వారాలు పట్టిన దూరం గంటల్లోకి దిగింది. భారత విమాన ప్రజారోగ్య నిబంధనలు 1954లోనూ, రేవుల ఆరోగ్య నిబంధనలు 1955లోనూ రూపొందాయి. నేడు విమానాశ్రయంలో మనల్ని నిలిపే అధికారికి బలం వీటి నుంచే వచ్చింది.

ఈ భయం ఊహాజనితం కాదని 2016 చాటిచెప్పింది. 2015 డిసెంబరులో అంగోలా రాజధాని లువాండా శివారులో మొదలైన వ్యాధి కొద్ది నెలల్లోనే పొరుగున ఉన్న కాంగో ప్రజాస్వామ్య రిపబ్లిక్‌కు పాకింది. నిర్ధారణ అయిన కేసులే వెయ్యికి చేరువయ్యాయి. అంగోలాలో పనిచేస్తున్న చైనా కార్మికులు స్వదేశానికి తిరిగివచ్చినప్పుడు వారిలో 11 మందికి వ్యాధి ఉన్నట్లు తేలింది. ఆసియాలో ఎల్లో ఫీవర్ రోగులు ప్రయోగశాల పరీక్షల్లో బయటపడడం అదే ప్రథమం. చైనాలో అది స్థానికంగా వ్యాపించకపోవడంతో ప్రపంచం ఊపిరి పీల్చుకుంది. అప్పటికే అత్యవసర నిల్వగా ఉంచే 60 లక్షల డోసుల టీకా ఖర్చయిపోయింది. ఆగస్టులో కిన్షాసా నగర ప్రజలకు ఒక్కొక్కరికి పూర్తి డోసుకు బదులు అయిదో వంతు చొప్పున ఇవ్వవలసి వచ్చింది. ఒక నగరానికే అలా సరిపెట్టుకోవలసి వస్తే, వ్యాధి చెన్నైలోనో ముంబయిలోనో అడుగుపెట్టిన నాడు టీకా ఎక్కడి నుంచి వస్తుందన్నదే ఢిల్లీ అధికారుల ఆందోళన. అది అర్థం చేసుకోదగినదే.

కెన్యా విషయానికే వస్తే, అక్కడ ఈ వ్యాధి అరుదే కానీ లేకపోలేదు. 1992-93లో రిఫ్ట్ లోయ ప్రాంతంలో ప్రబలింది. 2022 మార్చిలో ఇసియోలో జిల్లాలో మళ్లీ తలెత్తినట్లు ఆ దేశ ప్రభుత్వమే ప్రకటించింది. పొరుగున ఉన్న ఉగాండా అయితే ఏడాది నిండిన ప్రతి ప్రయాణికుడినీ టీకా పత్రం అడుగుతుంది. పశ్చిమాన ఘనా కూడా అంతే. కనుక నైరోబీలో దిగి, అక్కడి నుంచి కంపాలాకు వెళ్లాలనుకునే వారికి ఈ పత్రం వెళ్లేటప్పుడూ కావాలి, వచ్చేటప్పుడూ కావాలి.

నిబంధనలోని 6 రోజుల లెక్కకు ఆధారం ఉంది. దోమ కుట్టిన తర్వాత జ్వరం బయటపడడానికి పట్టే గరిష్ఠ వ్యవధి అంతే. వ్యాధి ఉన్న దేశం విడిచిన నాటి నుంచి ఈ లెక్క మొదలవుతుంది. గల్ఫ్‌లో విమానం మారి హైదరాబాదు చేరినంత మాత్రాన పాత మజిలీ చెరిగిపోదు. గత 6 రోజుల్లో ఎక్కడ ఉన్నారన్నదే ప్రశ్న. విడిగా ఉంచే గదికి దోమలు చొరబడని తెరలు ఉండాలన్న నియమం కూడా ఇందుకే. రోగి నుంచి రోగికి నేరుగా సోకే వ్యాధి కాదిది. మధ్యలో దోమ ఉండాలి.

విమానం మారే ప్రయాణికులు గమనించవలసిన సూక్ష్మం మరొకటి ఉంది. అడిస్ అబాబా మీదుగా ఆఫ్రికా నగరాలకు వెళ్లివచ్చే తెలుగువారు తక్కువేమీ కాదు. ఇథియోపియా ఈ జాబితాలో ఉన్న దేశమే. అక్కడ విమానాశ్రయం ఆవరణ దాటకుండా మరో విమానం ఎక్కిన వారిని, ఆరోగ్య అధికారి సమ్మతిస్తే, మినహాయించవచ్చునని భారత నిబంధన చెబుతోంది. కానీ తదుపరి విమానానికి ఎక్కువ వ్యవధి ఉన్నప్పుడు విమాన సంస్థలు ఊళ్లోని హోటల్లో బస కల్పిస్తుంటాయి. ఉచిత బస కదా అని బయటికి వెళ్తే ఆ మినహాయింపు చేజారినట్లే.

పత్రం విషయంలో తరచు చేసే పొరపాటు తేదీకి సంబంధించినది. టీకా వేయించుకున్న 10 రోజులకు గాని పత్రం చెల్లుబాటు కాదు. శరీరంలో రక్షణ ఏర్పడడానికి అంత సమయం పడుతుంది. ప్రయాణానికి ముందురోజు పరుగెత్తి వేయించుకుంటే ఉగాండా వంటి దేశంలో దిగేటప్పుడు ఉపయోగపడదు. పైగా టీకా అనుకున్నరోజే దొరుకుతుందన్న హామీ లేదు. ఇంత పెద్ద దేశంలో ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలు కొన్ని పదులు మాత్రమే. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ వీటిలో చిరకాలంగా పేరున్నది. టీకా సీసాలో పలువురికి సరిపడే డోసులు ఉంటాయి. ఒకసారి తెరిస్తే కొద్ది గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారబోయాలి. అందుచేత కేంద్రాలు వారంలో కొన్ని రోజులే, ముందుగా పేరు నమోదు చేసుకున్న వారికే టీకా వేయడం పరిపాటి. గుర్తింపు లేని ఆసుపత్రిలో అదే టీకా వేయించుకున్నా విమానాశ్రయంలో దానికి విలువ ఉండదు. టీకా తయారీ సంస్థ, బ్యాచ్ నంబరు, వైద్యుని సంతకం, కేంద్రం అధికార ముద్ర అన్నీ ఉంటేనే అది పత్రం.

ఈ ఇబ్బందుల మధ్యనే దళారులు పుట్టుకొస్తారు. సూది లేకుండా ముద్ర మాత్రం వేసి ఇస్తామనే వారి మాట వినడం రెండందాల నష్టం. పట్టుబడితే చట్టపరమైన చిక్కు. పట్టుబడకపోతే రక్షణ లేకుండా దోమల మధ్యకు వెళ్లడం. నకిలీ పత్రాల అనుమానం దేశాల మధ్య తగాదాలకు సైతం దారితీస్తుంది. 2012 మార్చిలో పత్రాలు సరిగా లేవంటూ దక్షిణాఫ్రికా 125 మంది నైజీరియన్లను తిప్పి పంపింది. ప్రతిగా నైజీరియా దక్షిణాఫ్రికా పౌరులను వెనక్కి పంపింది. చివరకు దక్షిణాఫ్రికా క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

అందరికీ ఈ టీకా సరిపడదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఇది బలహీనపరచిన సజీవ వైరస్‌తో తయారవుతుంది. దీనిని రూపొందించిన మాక్స్ టైలర్‌కు 1951లో నోబెల్ బహుమతి లభించింది. తొమ్మిది నెలల లోపు శిశువులకు సాధారణంగా వేయరు. కోడిగుడ్డు తింటే తీవ్రంగా పడనివారు, రోగనిరోధక శక్తి క్షీణించినవారు దీనికి దూరంగా ఉండాలి. గర్భిణుల విషయంలో వైద్యులు ఆచితూచి నిర్ణయిస్తారు. 60 ఏళ్లు దాటిన వారిలో అరుదుగా తీవ్రమైన దుష్ఫలితాలు కనిపించాయి. పిల్లలు ఆఫ్రికాలో ఉద్యోగాలు చేస్తుంటే చూడడానికి వెళ్లే తల్లిదండ్రులలో ఈ వయసువారే ఎక్కువ. వైద్యుడు మినహాయింపు లేఖ ఇవ్వవచ్చు. కానీ ఆ లేఖతో వచ్చినవారు కూడా టీకా రక్షణ లేనివారి కిందకే వస్తారు గనుక, ఇక్కడ దిగాక 6 రోజుల పరిశీలనలో ఉండవలసి రావచ్చు. పెద్దల ప్రయాణానికి టికెట్లు కొనేముందే ఈ సంగతి తేల్చుకోవడం మంచిది.

ప్రభుత్వాన్ని తప్పుపట్టవలసిన చోటు ఇదే. నిబంధనలో తర్కం ఉంది, కానీ అది ప్రయాణికుడికి తెలిసే సమయం సరిగా లేదు. వీసా గురించీ, సామాను బరువు గురించీ పదేపదే చెప్పే ట్రావెల్ ఏజెంట్లు ఈ పత్రం ఊసెత్తరు. బయలుదేరేటప్పుడు హెచ్చరించే ఏర్పాటు బలహీనంగా ఉండి, తిరిగొచ్చాక పట్టుకునే ఏర్పాటు బలంగా ఉంటే వ్యాధిని ఆపడానికి అది ఆలస్యమైన మార్గమే అవుతుంది. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వార్తలు వెలువడగానే గల్ఫ్ దేశాలతో సహా పలు దేశాలు భారత విమానాలను నిలిపివేశాయి. ముందస్తు సమాచారం లేని ఆరోగ్య ఆంక్షలు ఎంత బాధపెడతాయో ఆనాడు మనవారు అనుభవించారు.

పత్రం చేతికొచ్చింది కదా అని ఆరోగ్యం విషయంలో నిశ్చింతగా ఉండరాదు. కెన్యాలో ఎల్లో ఫీవర్ కంటే మలేరియా ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ మలేరియా గురించి ఏ విమానాశ్రయంలోనూ ఎవరూ అడగరు. ప్రపంచంలోని మలేరియా కేసుల్లో 90 శాతానికి పైగా ఆఫ్రికాలోనే నమోదవుతున్నాయి. అవి ఎక్కువగా ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకానివి. మన ఏజెన్సీ ప్రాంతాల్లో మలేరియా మనకు కొత్తకాదన్న ధీమా అక్కడ పనికిరాదు. సముద్రమట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉన్న నైరోబీలో ముప్పు తక్కువే కానీ, మొంబాసా తీరంలోనూ, విక్టోరియా సరస్సు ఒడ్డున కిసుము పరిసరాల్లోనూ అలా కాదు. ముందు జాగ్రత్తగా వాడే మాత్రలు ఉన్నాయి. డాక్సీసైక్లిన్ అయితే వెళ్లేముందు ఒకటి రెండు రోజుల నుంచి మొదలుపెట్టి తిరిగొచ్చాక 4 వారాలు కొనసాగించాలి. ఎవరికి ఏ మందు తగినదో వైద్యుడే చెప్పాలి. ఇంటికి వచ్చాం కదా అని మధ్యలో ఆపడమే ఎక్కువగా జరిగే తప్పు. తిరిగొచ్చిన నెలల తర్వాత జ్వరం వచ్చినా ఆఫ్రికా వెళ్లివచ్చిన సంగతి వైద్యుడికి చెప్పి తీరాలి.

ఇక పాత పత్రాలున్న వారి మాట. 2014లో ప్రపంచ ఆరోగ్య సభ చేసిన సవరణ 2016 జులై 11 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు 10 ఏళ్లకే పరిమితమైన ఎల్లో ఫీవర్ పత్రం నాటి నుంచి జీవితాంతం చెల్లుతుంది. అంతకుముందు జారీ అయిన వాటికీ ఇది వర్తిస్తుంది. మళ్లీ టీకా అక్కరలేదు. అయితే ముగింపు తేదీ దాటినట్లు కనిపిస్తున్నది కదా అని పత్రం మీద సొంతంగా కొట్టివేతలు, దిద్దుబాట్లు చేస్తే అది చెల్లకుండా పోతుంది.