ఆన్‌లైన్ పాటలు - చాటు బేరాలు

“పాటలో తెగలేదు, బయట తెగింది.” పసుపు, మిర్చి యార్డుల్లో ఫలానా లాటు ఏమైందని అడిగితే ఈ జవాబు వినని వర్తకుడు వుండడు. చెప్పేవారు దీన్ని మామూలు సంగతిగానే చెబుతారు, వినేవారూ అలాగే వింటారు. సరుకు అమ్ముడైంది, డబ్బు చేతులు మారింది, హమాలీకి కూలి ముట్టింది; ఇందులో తప్పేమున్నదని ఎదురడిగితే చాలామందికి వెంటనే జవాబు తోచదు. తప్పు వున్నదా, వుంటే అది ఏ ఘట్టంలో మొదలైనది అన్నది వర్తకలోకం తనలో తాను తేల్చుకోవలసిన విషయం. అధికారుల చేతికి వెళ్తే అది జరిమానాల లెక్కగానే తేలుతుంది.

ముందుగా రెండు సంగతులను పక్కన పెట్టవచ్చు. బిల్లు లేకుండా, మార్కెట్ ఫీజు కట్టకుండా నడిచే ‘జీరో’ వ్యాపారానికి ధర్మాధర్మ విచారణ అక్కరలేదు. అది ఎగవేత, అంతే. కొనుగోలుదారులు నలుగురు ముందే కూడబలుక్కొని ఒకరి లాటు మీద ఒకరు పాడకుండా వుండడం రెండవది. దాన్ని 2002 నాటి పోటీ చట్టం నిషేధించే వున్నది. చర్చ కావలసినది ఈ రెండూ కాని మూడవ రకం. బిల్లు వున్నది, ఫీజు ముట్టింది, రైతుకు పాట ధర కన్న నూరు రూపాయలు ఎక్కువే దక్కింది. అయినా బేరం పాట వెలుపల జరిగింది. దీన్ని సమర్థించేవారు మంచి వర్తకుల్లో కూడా వున్నారు. కనుకనే దీన్ని గురించి మాట్లాడుకోవాలి.

బహిరంగ పాట ఎందుకు పుట్టిందో పాతతరం వ్యాపారులకు గుర్తు చేయనవసరం లేదు. ఒకప్పుడు దేశంలోని చాలా మండీల్లో బేరం తువ్వాలు కింద జరిగేది. కొనేవాడు, దళారి ఒకరి చేతివేళ్ళు ఒకరు పట్టుకొని గుడ్డ చాటున ధర కుదుర్చుకునేవారు. సరుకు తెచ్చిన ఆసామి పక్కనే నిలబడి గుడ్డ కదలడం చూసేవాడు గాని, అంకె అతనికి తెలిసేది కాదు. వ్యవసాయంపై నియమించిన రాయల్ కమిషన్ 1928లో క్రమబద్ధమైన మార్కెట్లు కావాలని సిఫారసు చేసింది. హైదరాబాదు సంస్థానంలో 1930లో, మద్రాసు రాజధానిలో 1933లో మార్కెట్ చట్టాలు వచ్చినవి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత 1966లో రాష్ట్రమంతటికీ ఒకే మార్కెట్ల చట్టం వచ్చింది. ఇన్ని చట్టాల సారాంశం ఒక్కటే: అంకె అందరి చెవినా పడాలి.

2016 ఏప్రిల్ 14న ఎనిమిది రాష్ట్రాల్లోని 21 మార్కెట్లతో ప్రారంభమైన జాతీయ వ్యవసాయ విపణి, అంటే ఈ-నామ్, ఆ సారాంశాన్నే తెర మీదికి తెచ్చింది. పసుపుకు పేరుపొందిన నిజామాబాద్ కూడా ఆ తొలి జాబితాలో వున్నది. పద్ధతి వర్తకులకు విదితమే. గేటు వద్ద సరుకు నమోదు అవుతుంది, లాటు నంబరు పడుతుంది, మచ్చు తీస్తారు. కొనుగోలుదారులు కుప్పలు చూసుకొని ఫోనులోనో కంప్యూటరులోనో ధర వేస్తారు. గడువు ముగిశాక హెచ్చు ధర వేసినవాడి పేరు బయటపడుతుంది. ఆ ధర నచ్చకపోతే వద్దనే హక్కు రైతుకు వున్నది. ఈ హక్కు చాలా విలువైనది, ఉండి తీరవలసినది. చాటు బేరం తల దూర్చేది కూడా సరిగ్గా ఈ సందులోనే.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఇరవై క్వింటాళ్ళ పసుపు కొమ్ము లాటు ఒకటి వున్నది. మొదటి వ్యాపారి క్వింటాలుకు 12,400 రూపాయలు వేశాడు, రెండవ వ్యాపారి 12,250 వేశాడు. పాట ముగిసింది. అంతలో అడ్తిదారు రెండవ వ్యాపారికి ఫోను చేసి, “సేట్, పన్నెండు వేల నాలుగు వందలకు వచ్చింది. ఇంకో నూరు వెయ్యి, ఆసామితో వద్దనిపిస్తా” అంటాడు. రైతు పాట ధర కాదంటాడు. సాయంత్రానికి అదే కుప్ప 12,500కు రెండవ వ్యాపారి గోదాముకు చేరుతుంది. రైతుకు ఆ రోజు రెండు వేల రూపాయలు లాభం. అడ్తిదారు మాట నిలిచింది. రెండవ వ్యాపారికి కావలసిన సరుకు వచ్చింది. ఫీజు సైతం కట్టారు. చూడబోతే అందరూ బాగుపడినట్టే వున్నది.

అయితే మొదటి వ్యాపారి సంగతి ఏమిటి? అతడు కుప్పలో చెయ్యి పెట్టి చూశాడు, తేమ అంచనా కట్టాడు, సాంగ్లీలో ఏ రేటు నడుస్తున్నదో కనుక్కున్నాడు, తాను పెట్టగలిగిన నికరమైన ధర పెట్టాడు. అతని అంకెను మెట్టుగా చేసుకొని వేరొకడు పైకెక్కాడు. మరునాడు అతడు ఏం చేస్తాడు? ఉన్న ధర ఉన్నట్టు వేయడు. పైన వేసిన అంకె తనకు సరుకు తేవడం లేదు, ఇతరులకు దారి చూపుతున్నది కనుక 12,200 వేసి వూరుకుంటాడు. అడ్తిదారు నుంచి తనకూ ఫోను రావచ్చునని ఎదురుచూస్తాడు. రెండవ వ్యాపారి అయితే మొదటినుంచీ ఆ పనిలోనే వున్నాడు. నాలుగు రోజులు తిరిగేసరికి ఇంకా కొందరు ఇదే పట్టు పడతారు. పాట ధర 12,150కి దిగుతుంది. చాటున ఇచ్చే నూరు యథాప్రకారం ఇస్తారు, అంటే 12,250. మొదటి రోజున రైతు కాదన్న పాట ధరకు ఇది నూట యాభై తక్కువ! ఇరవై క్వింటాళ్ళ మీద మూడు వేల రూపాయలు. అడ్తిదారు అంతగా పట్టించుకోని చిన్నరైతు, ఎవరి ఫోనూ రానివాడు, పాట ధరకే ఇచ్చి వెళ్ళిపోతాడు. అతనికి పోయినది ఐదు వేలు. దేశంలో పసుపు కొరత రాలేదు, గిరాకీ తగ్గలేదు, సాంగ్లీ మందగించలేదు. ధర మాత్రం పడిపోయింది.

ఇందులో దోషం చాటుగా నూరు ఎక్కువ ఇవ్వడంలో లేదు. 12,500 పెట్టగలిగినవాడికి పాట తెర తెరిచే వున్నది, అక్కడే పెట్టి వుండవచ్చు. పెట్టకుండా, ఇతరులు పెట్టిన ధరను తెలుసుకొని ఆ తర్వాత బేరమాడడంలో వున్నది దోషం. పాటలో తేలిన ధర పాడిన నలుగురి శ్రమతో తయారైన వస్తువు. దాన్ని వాడుకుంటూ, దాని తయారీకి తన అంకెను మాత్రం ఇవ్వనివాడు ఉమ్మడి బావిలో తోడుకొని పూడిక తీసే రోజున రానివాడి వంటివాడు.

అడ్తిదారు పాత్ర ఇంతకన్న చిక్కైనది. లెక్కప్రకారం అతడు రైతు మనిషి, రైతు తరఫున సరుకు పాటకు పెడతాడు. కాని కొనుగోలుదారుకు అరువు ఇచ్చేవాడూ చాలాచోట్ల అతడే. రైతుకు విత్తనానికీ, పసుపు ఉడకబెట్టే ఖర్చుకూ ముందే అప్పు ఇచ్చినవాడూ అతడే. అప్పు తీసుకున్న రైతు ‘వద్దు’ అన్నప్పుడు ఆ మాట ఎవరిదో చెప్పడం కష్టం. హక్కు రైతుది, నాలుక అడ్తిదారుది అయితే, ఆ హక్కు వున్నదనుకోవడం కాగితానికే పరిమితం. ఇది అడ్తిదారులందరినీ అనే మాట కాదు. రైతుకు పైసా తక్కువ రాకుండా రోజంతా యార్డులో తిరిగి, ఎండుసరుకును పచ్చిసరుకులో కలవకుండా కాపాడి, నాలుగు తరాలుగా పేరు నిలబెట్టుకుంటున్న అడ్తి కొట్లు వున్నవి. ఇటువంటి ఫోను వారు చేయరు. చేయనందువల్ల ఇప్పుడు వారి ఖాతాలే పక్క కొట్టుకు తరలుతున్నవి. ఇబ్బంది అక్కడే.

చాటు బేరాన్ని సమర్థించేవారి వాదనలో పస లేదని కాదు. తెర మీద కనబడే నాణ్యతా వివరాలను నమ్మి ఎక్కడో వున్న వ్యాపారి ధర వేయలేడు. మచ్చు తీసేది కుప్ప పైభాగాన అయితే, అడుగున ఏమున్నదో యంత్రం చెప్పదు. పసుపును విరిచి చూడాలి, మిర్చిని చేత్తో నలిపి తొడిమ, రంగు, తాలు చూసుకోవాలి. ఇరవై ఏళ్ళుగా ఒకే ఊరి సరుకు కొంటున్న వ్యాపారికి ఆ ఊరివారు ఆరబెట్టే తీరు తెలుసు. ఆ నమ్మకానికి నూరు రూపాయలు అదనంగా ఇస్తే అది అన్యాయం కాదు, వర్తక ధర్మమే. అరవై కిలోమీటర్లు ఆటో ట్రాలీ కట్టించుకొని వచ్చిన రైతుకు డబ్బు ఈ రోజే కావాలి. ఇవన్నీ నిజమే. అయితే వీటన్నిటికీ జవాబు ఒక్కటున్నది. నమ్మకం మీద కొనేవాడు కల్లం దగ్గరే కొనవచ్చు, గేటు లోపలికి రాకముందే బేరం కుదుర్చుకొని దాన్ని నమోదు చేయించుకోవచ్చు. లాటు నంబరు పడి, నలుగురూ ధర వేసిన తర్వాత పాత స్నేహం గుర్తుకు రావడం మాత్రం నమ్మకం అనిపించుకోదు.

వెలుపలి వ్యాపారానికి చట్టం బాట వేసిన కాలం కూడా ఒకటి నడిచింది. 2020 జూన్‌లో ఆర్డినెన్సుగా వచ్చి, సెప్టెంబరులో చట్టమైన కేంద్ర వ్యవసాయ వాణిజ్య చట్టం, యార్డు హద్దులు దాటి రాష్ట్ర ఫీజు లేకుండా కొనడానికి అనుమతించింది. 2021 జనవరిలో సుప్రీంకోర్టు దాని అమలును ఆపింది, నవంబరులో పార్లమెంటు రద్దు చేసింది. ఆ చట్టం మంచిదా చెడ్డదా అనే వాదం ఇంకా తీరలేదు. అది తలపెట్టినది యార్డుకు పక్కన వేరొక బజారు. యార్డులో పాటకు పెట్టిన లాటును చెయ్యి పట్టుకొని బయటికి నడిపించడం దాని వుద్దేశం కాదు. ఆ చట్టాన్ని చాటు బేరానికి సాక్ష్యంగా తెచ్చేవారు ఈ తేడా గమనించాలి.

కల్లం దగ్గరి బేరానికి సైతం ఆధారం యార్డు ధరే. “నిన్నటి రేటుకు నూరు తక్కువ” అనే మాట లేకుండా ఊళ్ళో కొనుగోలు సాగదు. గుంటూరు శీతల గిడ్డంగుల్లో మచ్చు చూపి అమ్మే మిర్చికీ యార్డు రేటే కొలబద్ద. ఎన్‌సీడీఈఎక్స్ ఎక్స్ఛేంజీలో పసుపు ఫ్యూచర్స్ ఒప్పందానికి ఆధార కేంద్రం నిజామాబాద్. అక్కడి స్పాట్ ధర నిజం చెప్పకపోతే, తేజీ మందీలకు ఎదురు కాపు వేసుకున్న మిల్లు యజమానికీ, ఎగుమతిదారుకూ ఆ కాపు పనిచేయదు. నూటికి నలభై లాటులు బయట తెగే యార్డులో మిగిలిన అరవై లాటుల ధర కూడా పూర్తి నిజం కాదు. మంచి సరుకు బయటికి వెళ్తే పాటలో మిగిలేది నాసిరకం, దాని సగటే ఆనాటి ‘మార్కెట్ రేటు’గా అచ్చవుతుంది.

ఇతర సరుకుల్లో ఈ చిక్కును వేరువేరుగా తీర్చుకున్నారు. వర్జీనియా పొగాకులో 1984లో కర్ణాటకలోనూ, 1985లో ఆంధ్రప్రదేశ్‌లోనూ పొగాకు బోర్డు వేలాలు మొదలైనవి. నమోదైన రైతు తన బేళ్ళను వేలం కేంద్రంలోనే అమ్మాలి, మరో మాట లేదు. తేయాకులో అంత బిగింపు లేదు. అక్కడ ప్రైవేటు అమ్మకం సక్రమమే, ఎవరూ దాచుకోరు. అయితే ఏడాది ఉత్పత్తిలో కనీసం సగం బహిరంగ వేలానికి రావాలని 2015లో ప్రభుత్వం ఉత్తర్వు చేసింది. వేలానికి తగినంత సరుకు రాకపోతే ప్రైవేటు అమ్మకానికీ ధర తెలిసే దారి వుండదన్న గ్రహింపు ఆ ఉత్తర్వులో కనబడుతుంది. పసుపు, మిర్చి లక్షలాది చిన్నరైతుల పంటలు. పొగాకు పద్ధతి వీటికి నప్పదు, రైతును ఒకే గుమ్మానికి కట్టేసినట్టవుతుంది. తేయాకు పద్ధతిలో నేర్చుకోదగినది వున్నది: బయట అమ్ముకో, కాని చెప్పి అమ్ముకో.

మార్కెట్ కమిటీలు కొత్త చట్టం కోసం కాచుకోనవసరం లేకుండా చేయగల పనులు వున్నవి. రైతు వద్దన్న లాటుకు గంట వ్యవధిలోనే మలిపాట పెట్టాలి. మొదటి పాటలో పాల్గొన్నవారందరికీ ఆ కబురు ఫోనులో అందాలి. నూరు ఎక్కువ ఇవ్వదలచిన సేటు అక్కడే ఇస్తాడు, రైతు మరునాటిదాకా ఆగనవసరం వుండదు. మలిపాట కూడా నచ్చని రైతు సరుకు తీసుకుపోవచ్చు, గిడ్డంగిలో పెట్టవచ్చు. ఆ రోజు ఆ యార్డు కాటా మీద మాత్రం ఆ లాటు వేరొకరి పేర తూగరాదు. గేటుకు ముందే కుదిరిన బేరాలకు విడి పుస్తకం తెరిచి, ధర, బరువు, రకం రాయించి, సాయంత్రం పాట ధరల పక్కనే బోర్డు మీద వేయాలి. మచ్చు తీసే మనిషి కుప్ప మూడు చోట్ల తీసి, పరీక్ష చీటీ మీద సంతకం చేయాలి. ఈ ఆఖరు పని జరగనంతకాలం దూరపు కొనుగోలుదారు తెర మీదికి రాడు, దగ్గరివాడు తెర చాటునుంచి కదలడు.

వర్తక సంఘాలు దీనికి అభ్యంతరం చెప్పవచ్చు. మలిపాటకు హమాలీలు, దడవాయిలు అదనంగా గంట నిలవాలి, దానికి కూలి ఎవరు ఇస్తారన్నది న్యాయమైన ప్రశ్నే. ఫీజు రాబడిలోంచి కమిటీ ఇవ్వాలి. జనవరిలో కొత్త పసుపు రాకడ మొదలయ్యేలోగా ఒక్క యార్డు అయినా దీన్ని ఒక సీజన్ నడిపి చూస్తే, వద్దన్న లాటులు ఎన్ని, మలిపాటలో తెగినవి ఎన్ని, ఏ ధరకు అన్నది అంకెల్లో తేలుతుంది. ఇప్పటికైతే ఆ అంకెలు ఫోనుల్లోనే వున్నవి.