నెమ్ము గుర్తులు ప్రతి తల్లికీ చూపించాలి: వినతిపత్రం

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,
అల్లూరి సీతారామరాజు జిల్లా, పాడేరు.

విషయం: పసిపిల్లల న్యుమోనియా (నెమ్ము)పై ఏజెన్సీ గ్రామాల తల్లులకు అవగాహన కల్పించుట గురించి.

అయ్యా,

మన్యంలో పొగమంచు దిగిందంటే ఇంటింటా పిల్లలకు జలుబు, దగ్గు పట్టుకుంటాయి. చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి. ఏది తగ్గే దగ్గో, ఏది ప్రాణం మీదికి తెచ్చేదో తల్లికి తెలియాలి. ఒళ్లు కాలిపోతే ఏ తల్లయినా కంగారుపడుతుంది. కానీ నెమ్ము చేసిన చంటిబిడ్డకు ఒక్కోసారి జ్వరమే ఉండదు. పాలు మానేసి మగతగా పడుంటే నిద్రపోతున్నాడనుకుంటారు. డొక్కలెగరేస్తుంటే గాలి సోకిందని పసరు పోయిస్తారు, కొన్నిచోట్ల పొట్టమీద వాతలు పెట్టిస్తారు. ఇందులో తల్లుల తప్పు లేదు. వాళ్లను కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు.

చెప్పాల్సింది కొంచెమే. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల్లోపు బిడ్డకు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40కి చేరినా, దాటినా నెమ్మని అనుమానించాలి. గాలి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద డొక్క లోపలికి లాక్కుపోతుంటే లెక్కతో పనిలేదు, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. గడియారం లేని ఇంట్లో, అంకెలు రాని తల్లికి ఈ గుర్తే ఆధారం. కాబట్టి ముందు దీన్నే నేర్పండి.

నెమ్ము నివారణకు కేంద్రం 2019లో మొదలుపెట్టిన 'సాన్స్' కార్యక్రమం ఏటా నవంబర్ 12 నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా నడుస్తుంది. ఆ రోజుల్లో గోడపత్రికలు అంటిస్తే సరిపోదు. చదువు రానివారికి వాటితో ఏం ఉపయోగం? డొక్క లాగడం ఎలా ఉంటుందో ఆశ కార్యకర్త ఫోనులో వీడియో చూపించాలి. కువి, ఆదివాసీ ఒడియా భాషల్లో చెప్పాలి. అత్తలనూ తండ్రులనూ కూడా పిలవాలి, ఎందుకంటే బిడ్డను ఎప్పుడు తీసుకెళ్లాలో తేల్చేది తల్లి ఒక్కతే కాదు.

తెలిసినా మందు అందకపోతే ఫలితం లేదు. ఆస్పత్రికి పంపేముందు ఆశ కార్యకర్త అమాక్సిసిలిన్ మొదటి మోతాదు ఇచ్చే వీలు సాన్స్‌లోనే ఉంది. ఆ మందు ఏడాది పొడవునా ఆమె దగ్గర ఉండేలా చూడండి. ఉపకేంద్రాల్లో రక్తంలో ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటరు పనిచేస్తూ ఉండాలి. బిడ్డను డోలీలో మోసుకొచ్చే ఊళ్లకు ఫీడర్ అంబులెన్సు రాత్రిపూట కూడా అందాలి. అంత దూరం వచ్చిన తల్లికి సిరప్ చేతిలో పెట్టి పంపేయకుండా, ఏ గుర్తు కనిపిస్తే మళ్లీ రావాలో ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలి.

2021 నుంచి మన రాష్ట్రంలో ఉచితంగా వేస్తున్న, నెమ్మును అడ్డుకునే న్యుమోకోకల్ టీకా ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు వేయించాలి. ఏ జబ్బు రాకుండా వేస్తున్నారో సూది వేసేటప్పుడే తల్లికి చెప్పాలి. చలికని చంటిబిడ్డను పొయ్యి పొగ పక్కన పడుకోబెట్టవద్దనీ, మొదటి ఆరు నెలలూ తల్లిపాలే పట్టాలనీ అదే సమయంలో చెప్పవచ్చు.

ఈ చలికాలంలోనే ప్రతి గూడెంలో తల్లుల సమావేశం జరిపేలా ఉత్తర్వులు ఇప్పించవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
ఏజెన్సీ గిరిజన గ్రామాల తల్లులు